డెబియన్ ప్యాకేజీలో ఆటోపీకేజీటెస్ట్ ఫెయిల్: లక్షణాన్ని బట్టి కారణం, పరిష్కారం

బిల్డ్ బాగానే అయింది, అన్‌స్టేబుల్‌కి (కొత్త ప్యాకేజీలు ముందుగా చేరే డెబియన్ శాఖ) అప్‌లోడ్ కూడా అయింది. కానీ సీఐలో (ప్యాకేజీలను తనంతట తానే పరీక్షించే డెబియన్ వ్యవస్థ) ఆటోపీకేజీటెస్ట్, అంటే ఇన్‌స్టాలైన ప్యాకేజీ మీద టెస్టులు నడిపే సాధనం, ఫెయిల్ చూపించింది. దాంతో ప్యాకేజీ తర్వాతి శాఖ అయిన టెస్టింగ్‌లోకి వెళ్లకుండా ఆగిపోయింది. ముందుగా లాగ్ అడుక్కి వెళ్లండి. సమ్మరీలో ఒక్కో టెస్టుకు ఒక్కో వరుస ఉంటుంది, ఫెయిల్ పక్కన ఉన్న మాటను బట్టే మిగతా పని. ఎగ్జిట్ కోడ్ 4 అయితే టెస్ట్ ఫెయిలైనట్టు, 12 అయితే ప్యాకేజీలోనే లోపమున్నట్టు, 16 అయితే టెస్ట్‌బెడ్ (టెస్టులు నడిచే కంటైనర్ లేదా మెషిన్) దెబ్బతిన్నట్టు. 16 వస్తే కోడ్ జోలికి పోకుండా ముందు మళ్లీ రన్ చేయించండి.

లక్షణం: టెస్టులన్నీ పాస్, అయినా "ఫెయిల్ ఎస్‌టీడీఎర్ర్"

ఎగ్జిట్ కోడ్ సున్నా వచ్చినా సరే, స్టాండర్డ్ ఎర్రర్‌లో (ఎస్‌టీడీఎర్ర్, ప్రోగ్రామ్ ఎర్రర్ సందేశాలు రాసే చోటు) ఒక్క అక్షరం పడితే ఆటోపీకేజీటెస్ట్ దాన్ని ఫెయిల్‌గానే లెక్కేస్తుంది. పైథాన్ యూనిట్‌టెస్ట్ అయితే తన ఫలితాలన్నీ అక్కడికే రాస్తుంది. అలాంటప్పుడు డెబియన్/టెస్ట్స్/కంట్రోల్ ఫైల్‌లో రిస్ట్రిక్షన్స్ దగ్గర అలౌ-ఎస్‌టీడీఎర్ర్ పెట్టడం సరైన పనే. కొత్త పైథాన్ వచ్చాక పడే డిప్రికేషన్ వార్నింగ్ (ఈ ఫీచర్‌ను ముందుముందు తీసేస్తారన్న హెచ్చరిక) సంగతి వేరు. దాన్ని ఇలా మూసిపెడితే తర్వాతి వెర్షన్‌లో అదే అసలు ఎర్రరై కూర్చుంటుంది. అప్‌స్ట్రీమ్‌కు (అసలు సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లకు) తెలియజేసి ప్యాచ్ పెట్టడమే మేలు.

లక్షణం: బిల్డ్‌లో పాసైన టెస్ట్ ఇక్కడ "మాడ్యూల్‌నాట్‌ఫౌండ్‌ఎర్రర్" ఇస్తోంది

సీ ఎక్స్‌టెన్షన్ (సీ భాషలో రాసి కంపైల్ చేసే భాగం) ఉన్న పైథాన్ ప్యాకేజీల్లో ఇది తరచుగా కనిపిస్తుంది. టెస్ట్ మొదలయ్యేది విప్పిన సోర్స్ ట్రీలో. పైథాన్3 -ఎం పైటెస్ట్ అని పిలిస్తే పైథాన్ ముందుగా ఆ ఫోల్డర్‌నే వెతుకుతుంది. అక్కడ అదే పేరుతో సోర్స్ ఫోల్డర్ ఉంటుంది గానీ, కంపైలైన .ఎస్ఓ ఫైల్ ఉండదు. విడిగా పైటెస్ట్-3 అని పిలిచినా తప్పించుకోలేరు: టెస్ట్స్ ఫోల్డర్‌లో __ఇనిట్__.పీవై ఉంటే పైటెస్ట్ దాని పైఫోల్డర్‌ను, అంటే సోర్స్ రూట్‌ను, తనే వెతికే దారిలో ముందు చేరుస్తుంది.

ఎక్స్‌టెన్షన్ లేని ప్యాకేజీలో ఇంకా ప్రమాదం. టెస్ట్ చక్కగా పాసవుతుంది, కానీ పరీక్షించింది ఇన్‌స్టాలైన ప్యాకేజీని కాదు, సోర్స్‌ను. ఇన్‌స్టాల్ జాబితాలో ఒక డేటా ఫైల్ మరిచిపోయినా ఎవరికీ తెలియదు.

పరిష్కారం: టెస్ట్స్ ఫోల్డర్‌ను మాత్రమే $ఆటోపీకేజీటెస్ట్_టీఎంపీ లోకి కాపీ చేసి, సీడీతో అక్కడికి వెళ్లాక పైటెస్ట్ నడపండి. స్క్రిప్ట్ మొదట్లో మాడ్యూల్ __ఫైల్__ విలువ ప్రింట్ చేయించండి. అది /యూఎస్ఆర్/లిబ్/పైథాన్3/డిస్ట్-ప్యాకేజెస్ కింద ఉండాలి. పై3వెర్షన్స్ -ఎస్ ఇచ్చే ప్రతి వెర్షన్ మీదా లూప్ నడుపుతుంటే, డిపెండ్స్‌లో @ (ఈ సోర్స్ నుంచి తయారైన ప్యాకేజీలన్నీ అని అర్థం) పక్కన పైథాన్3-ఆల్ కూడా చేర్చండి.

లక్షణం: అన్‌స్టేబుల్‌లో పాస్, టెస్టింగ్‌లో ఫెయిల్

మైగ్రేషన్ టెస్ట్ నడిచేది టెస్టింగ్ మీద. అన్‌స్టేబుల్ నుంచి మీ ప్యాకేజీని మాత్రమే తెచ్చుకుని, మామూలుగా మిగతావన్నీ పాతవే వాడుతుంది. మీ కోడ్ లైబ్రరీ కొత్త వెర్షన్‌లోని ఫంక్షన్‌ను పిలుస్తూ, డిపెండ్స్‌లో కనీస వెర్షన్ రాయకపోతే ఇక్కడ దొరికిపోతుంది. ఇది టెస్ట్ తప్పు కాదు, టెస్టింగ్ వాడేవాళ్లకు నిజంగా ఎదురయ్యే తప్పు. డెబియన్/కంట్రోల్‌లో >= తో వెర్షన్ రాయండి. మీ మెషిన్‌లో ఇదే పరిస్థితి తెప్పించుకోవాలంటే టెస్టింగ్ ఇమేజ్ మీద పిన్-ప్యాకేజెస్ ఆప్షన్ వాడాలి.

"బ్యాడ్‌పీకేజీ" అని వస్తే టెస్ట్ డిపెండెన్సీలు దొరకలేదని అర్థం. మీ దగ్గరే వస్తే ముందు -యూ ఇచ్చి ఇమేజ్ అప్‌గ్రేడ్ చేయండి, చాలాసార్లు పాత ఇమేజే కారణం.

మిగతావి

"టైమ్డ్ అవుట్" అంటే ఒక టెస్టుకు డీఫాల్ట్‌గా ఉన్న 10000 సెకన్లు దాటిపోయాయి, ఏదో వేలాడుతోందన్నమాట. నెట్ కావాల్సిన టెస్టుకు నీడ్స్-ఇంటర్నెట్, సర్వీస్ మొదలుపెట్టే టెస్టుకు ఐసొలేషన్-కంటైనర్ అని రిస్ట్రిక్షన్స్‌లో రాయండి. కారణం వెతక్కుండా ఫ్లేకీ (అప్పుడప్పుడు ఫెయిలయ్యే టెస్ట్ అన్న గుర్తు) మాత్రం తగిలించవద్దు: ఆ తర్వాత నిజంగా ఫెయిలైనా లెక్కలోకి రాదు.

కారణం దొరక్కపోతే షెల్-ఫెయిల్ ఆప్షన్‌తో నడపండి. ఫెయిలైన క్షణంలోనే టెస్ట్‌బెడ్ లోపల షెల్ తెరుచుకుంటుంది. కెర్నల్ మాడ్యూళ్లు లోడ్ చేసే టెస్టయితే ఎల్ఎక్స్‌సీ (కంటైనర్) పనికిరాదు, క్యూఈఎంయూ (పూర్తి వర్చువల్ మెషిన్) ఇమేజ్ తయారు చేసుకోండి.