పురుగుల్ని చంపే నులిపురుగులు: వేటకు తగ్గ రకం ఎంచుకోండి

నేలలో పంట పురుగుల ఒంట్లోకి దూరి వాటిని చంపే సన్నటి జీవులే ఈ నులిపురుగులు. ఇవి వాసనను బట్టి వేటాడతాయి. పురుగు ఊపిరితో వదిలే కార్బన్ డయాక్సైడ్ మొదటి ఆనవాలు. కానీ వేళ్ళూ, కుళ్ళుతున్న చెత్తా అదే వదులుతాయి కదా, అందుకని పురుగు రెట్ట, ఒంటి వాసనలు కూడా పసిగడతాయి. పురుగు కొరికిన మొక్కజొన్న వేరు బీటా-కారియోఫిలీన్ అనే వాసన పదార్థం విడిచి హెటెరోరాబ్డిటిస్ మెగిడిస్ అనే నులిపురుగు రకాన్ని పిలుస్తుందని 2005లో తేలింది.

నేల లోపల వేళ్ళు తినే వేరుపురుగులకు తిరుగుతూ వెతికే హెటెరోరాబ్డిటిస్ బాక్టీరియోఫోరా మేలు. నేలపైన తిరిగి మొదళ్ళు కొరికే పురుగులకు స్టైనర్నీమా కార్పోకాప్సే. ఇది తోక మీద నిలబడి కాపుకాస్తుంది, లోతుకు పోదు. రకం తారుమారైతే నులిపురుగులు మంచివైనా ఫలితం సున్నా.

వాడేముందు చుక్క నీటిలో వేసి, బతికి కదులుతున్నాయో లేదో భూతద్దంతో చూడండి. కార్పోకాప్సే కాస్త బద్ధకం, పుల్లతో కదిపితేగానీ మెలిక తిరగదు. మోతాదు చదరపు మీటరుకు 2.5 లక్షల నుంచి 5 లక్షల నులిపురుగులు. స్ప్రేయర్‌లో సన్న జల్లెడలు తీసేయండి, ట్యాంకు కలుపుతూ ఉండండి, లేకపోతే అడుక్కి చేరతాయి. సాయంత్రం, తడి నేల మీదే కొట్టి, వెంటనే మళ్ళీ నీళ్ళు పెట్టాలి. ఎండలో నిమిషాల్లో దెబ్బతింటాయి.