కరెంటు పోతే ప్లగ్గు పీకండి

తిరుపతి కొర్లగుంటలో మా ఇంటి కారు షెడ్డులో కారు లేదు, వడ్రంగం బల్ల ఉంది. రిటైరయ్యాక పట్టుకున్న పిచ్చి ఇది, ఆరేళ్లయింది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు నన్ను ఏ మిషన్ కొనాలని అడుగుతారు. నేను మాత్రం కరెంటు పోయినప్పుడు ఏం చేస్తావని అడుగుతా.

మొదటి ఏడాది ఎండాకాలం. చేత్తో పట్టుకుని వాడే నాలుగంగుళాల గ్రైండర్‌కి చెక్కను నున్నగా చేసే శాండింగ్ డిస్కు బిగించి పాత టేకు తలుపు రుద్దుతున్నా. కరెంటు పోయింది. సరే, ఆగింది కదా అని గ్రైండర్ బల్ల మీద పెట్టి లోపలికెళ్లి మజ్జిగ తాగుతూ కూర్చున్నా. కాసేపటికి ఫ్యాను తిరిగింది, షెడ్డులోంచి గ్రైండర్ అరుపు కూడా మొదలైంది. వెళ్లి చూస్తే అది బల్ల మీంచి దూకి, గచ్చు మీద గింగిరాలు కొడుతూ తన వైరునే మెడకు చుట్టుకుంటోంది. దగ్గరికి పోకుండా మెయిన్ ఆపేశా. మాధవమాల నుంచి వచ్చే కొయ్యబొమ్మల మేస్త్రీకి మర్నాడు ఈ సంగతి చెబితే ఒకటే నవ్వు. "ఆగింది కరెంటు సామీ. మిషన్ యాడ ఆగింది?"

చిన్న గ్రైండర్లలో చాలావాటికి ముందుకు తోస్తే అక్కడే నిలబడిపోయే స్విచ్చి ఉంటుంది. డ్రిల్లుకు పక్కన లాక్ బటన్ ఉంటుంది. కరెంటు పోయినా ఇవి ఆన్‌లోనే ఉంటాయి. అందుకే చేతిలో మిషన్ ఆగిన మరుక్షణం స్విచ్చి వెనక్కి లాగండి, తర్వాత ప్లగ్గు పీకండి. మళ్లీ పెట్టేముందు స్విచ్చి ఇంకోసారి చూడండి. బ్లేడు, డిస్కు మార్చేటప్పుడు ప్లగ్గు మీ కళ్లెదుట బల్ల మీద ఉండాలి. గోడ స్విచ్చి ఆపాం కదా అనుకోవద్దు, ఇంట్లో పిల్లలుంటారు. బల్ల మధ్యలోంచి బ్లేడు పైకి వచ్చే టేబుల్ రంపం కొంటే, కరెంటు పోగానే తనంతట తాను ఆఫ్ అయిపోయే స్విచ్చి ఉన్నది తీసుకోండి. బోరు మోటారు స్టార్టరు తెలిసినవాళ్లకి ఇది కొత్త కాదు, కరెంటొచ్చాక పచ్చ బటన్ మళ్లీ నొక్కితేనే తిరుగుతుంది.

ఇక గ్రైండర్‌కి పళ్ల బ్లేడు బిగించి కర్ర కోయడం. మన దగ్గర రోజూ కనిపించే దృశ్యమే, అయినా చేయొద్దు. అది నిమిషానికి పదకొండు వేల చుట్లదాకా తిరుగుతుంది. పన్ను కర్రలో ఇరుక్కుంటే మిషన్ చేతిలోంచి ఎగిరి ముఖం మీదికి రావచ్చు. బ్లేడు పట్టడం లేదని దాన్ని కప్పి ఉంచే గార్డు పీకేసేవాళ్లతో నేను వాదించను, వాళ్ల షెడ్డులో నిలబడను కూడా.

టేబుల్ రంపం దగ్గర భయం వేళ్లకే కాదు. కోసిన గాటు మూసుకుని బ్లేడు వెనక భాగాన్ని నొక్కితే పలక మన వైపు తన్నుతుంది. సరిగా ఆరని వేప, తుమ్మ చెక్కలతో ఇది ఎక్కువ. బ్లేడు వెనక నిలబడే పలుచని ఇనుప రేకు ఈ గాటును మూసుకోనివ్వదు, దాన్ని తీసేయకండి. బ్లేడు చెక్క మందం కంటే కొంచెమే పైకి ఉంచి, మనం దాని వరసలో కాకుండా పక్కకు నిలబడాలి. చివరి జానెడు చేత్తో కాదు, కర్రతో తోయాలి. పాత తలుపులైతే ముందు అయస్కాంతం తిప్పి మేకులు వెతకండి.

బట్టల సంగతి. లుంగీ, భుజం మీద తువ్వాలు, పొడుగు చేతుల చొక్కా వద్దు. డ్రిల్లు, గ్రైండర్, రంపం దగ్గర గుడ్డ గ్లౌజులూ వద్దు, పోగు చిక్కితే వేలుతో సహా లాక్కుంటుంది. మణికట్టుకు కొండ మీంచి తెచ్చిన దారం మనలో చాలామందికి ఉంటుంది. పని మొదలుపెట్టేముందు నేను దాన్ని తీసి జేబులో పెట్టుకుంటా. స్వామి ఏమీ అనుకోడు.

రంపప్పొట్టును తేలిగ్గా తీసుకోకండి. కర్ర ధూళి మనుషుల్లో క్యాన్సర్ తెస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం 1995లోనే తేల్చింది. ఎన్95 మాస్కు పెట్టుకోండి, కళ్లద్దాలున్నా పైన గాగుల్స్ వేసుకోండి. వైరింగ్‌కి 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్చి, పెట్టించండి. ఎక్స్‌టెన్షన్ వైరు చుట్ట మీదే ఉంచి వాడొద్దు, వేడెక్కుతుంది. ఎర్రచందనం ముక్క చవగ్గా ఇస్తామని ఎవరైనా వస్తే దండం పెట్టి పంపేయండి, ఆ ప్రమాదానికి మాస్కు చాలదు.

పని అయ్యాక అవిసె నూనె తుడిచిన గుడ్డల్ని ఉండచుట్టి మూల పడేయకండి. ఆ నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది, ఉండలో ఆ వేడి బయటికి పోలేక నిప్పు అంటుకుంటుంది. నేను వాటిని విప్పి మేడ మీద తీగకు ఒక్కొక్కటిగా ఆరేస్తా. మా ఆవిడ చీరల తీగ కాదు, వేరే తీగ. ఆ గొడవ కూడా ఒకసారి అయింది.