థునార్ రైట్ క్లిక్‌లోనే గింప్

అమలాపురం, తణుకు వైపు ఫొటో స్టూడియోల్లో పాత సిస్టమ్ మీద ఎక్స్‌ఎఫ్‌సీఈ (లినక్స్‌లో తేలికైన డెస్క్‌టాప్) వాడేవాళ్లకి, ఫొటో మీద రైట్ క్లిక్ చేసి నేరుగా గింప్‌లో (ఫొటోలు దిద్దే ప్రోగ్రామ్) తెరుచుకునే ఏర్పాటు బాగా పనికొస్తుంది. ఫైళ్లు చూసుకునే ప్రోగ్రామ్ థునార్‌లో ఎడిట్ మెనూ, కాన్ఫిగర్ కస్టమ్ యాక్షన్స్, ప్లస్ గుర్తు. కమాండ్ గడిలో చిన్నక్షరాల్లో గింప్ అని కొట్టి, ఖాళీ వదిలి, శాతం గుర్తుకి ఆనించి పెద్ద ఎఫ్ పెట్టండి. చిన్న ఎఫ్ ఒక్క ఫైలుకే. అది పెట్టి 20 పెళ్లి ఫొటోలు ఎంచుకుంటే మెనూలో ఆ వరసే కనబడదు, చాలామంది తికమకపడేది ఇక్కడే. రెండో ట్యాబ్‌లో ఇమేజ్ ఫైల్స్‌కి టిక్ తప్పనిసరి.

గింప్‌ని ఫ్లాట్‌ప్యాక్‌గా (లినక్స్‌లో యాప్‌లని విడి ప్యాకేజీగా వేసుకునే పద్ధతి) వేసుకుంటే ఆ కమాండ్ దొరకదు. కమాండ్‌లో గింప్ అన్న మాట బదులు ఫ్లాట్‌ప్యాక్ రన్ అని, ఖాళీ వదిలి, ఆర్గ్ చుక్క గింప్ చుక్క గింప్ అని రాయాలి. చివరి గింప్ మాత్రం అన్నీ పెద్దక్షరాలు. టెర్మినల్‌లో పెట్టుకున్న అలియాస్‌లు (కమాండ్‌లకి మనం పెట్టుకునే పొట్టి పేర్లు) ఇక్కడ పనిచేయవు.