భోగికి ముందే బండి తాళాల సంగతి తేల్చుకోండి

ఎనిమిదేళ్ల కిందట కనుమ నాడు సాయంత్రం మా బావ బండి తీయబోతే గేటుకు అడ్డంగా నా బండి ఉంది. "అబ్బయ్యా, కాస్త పక్కకు పెట్టవా" అన్నాడు. మాట ముద్దగా వచ్చింది. నాకు తెలిసింది. వరండాలో ఉన్న మా చిన్నాయనకూ తెలిసింది, గిన్నెలు సర్దుతున్న మా అక్కకూ తెలిసింది. "మెల్లగా పో బావా" అని నా బండి జరిపి దారి ఇచ్చాను. బస్టాండు దగ్గర దిగుతానని మా పెద్దమ్మ మనవడు వెనక ఎక్కాడు. వాడికి పందొమ్మిదేళ్లు. వాడు చుక్క ముట్టలేదు.

హైవే ఎక్కకముందే, సుబాబుల్ కర్ర లోడుతో రోడ్డు పక్కన ఆగి ఉన్న ట్రాక్టర్ ట్రక్కును గుద్దేశారు. దానికి వెనక లైటు లేదు, ఎర్ర స్టిక్కరు కూడా లేదు. బావ కాలు విరిగి బతికాడు. పిల్లాడు ఆసుపత్రికి చేరేలోపే పోయాడు.

తాగి నడిపింది బావే. కానీ ఆ రోజు మా ఇంట్లో కనీసం ఆరుగురం అతన్ని ఆపగలిగిన స్థితిలో ఉన్నాం. అందుకే ఈ జాగ్రత్తలు తాగేవాళ్ల కోసం మాత్రమే రాయడం లేదు. డిసెంబరు 31 రాత్రి నుంచి ముక్కనుమ దాకా ఎవరింటికి చుట్టాలొస్తారో, ఎవరింట్లో సీసా మూత తీస్తారో, ఆ ఇంటివాళ్లందరి కోసం రాస్తున్నాను. నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఈ రెండు వారాలూ ఎట్టా ఉంటాయో మీకు చెప్పక్కర్లేదు. హైదరాబాద్, చెన్నై, బెంగుళూరు నుంచి కార్లన్నీ ఇటే వస్తాయి.

"ఒక్క క్వార్టరే కదా"

ముందు ఈ మాట సంగతి చూద్దాం. చట్టం ప్రకారం 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాల్ దాటితే కేసే. అరవై కిలోల మనిషి ఒక క్వార్టర్, అంటే 180 మి.లీ. విస్కీ తాగితే సుమారుగా 140, 150 దాకా పోతుంది. మామూలు బీరు పెద్ద సీసా, 650 మి.లీ., ఒక్కటి తాగినా అరవై దగ్గరికి వస్తుంది. స్ట్రాంగ్ బీరైతే వందకు చేరుతుంది. మనిషి బరువును బట్టి, తిన్న తిండిని బట్టి అటూ ఇటూ మారొచ్చు గానీ, "ఒక బీరుకు ఏం కాదు" అన్న మాటకు మాత్రం ఆధారం లేదు.

ఎక్కింది దిగడానికి చాలాసేపు పడుతుంది. గంటకు పదిహేను మిల్లీగ్రాముల చొప్పున లివర్ దాని పని అది చేసుకుంటుంది, తొందరపెడితే తొందరపడదు. మజ్జిగ, నిమ్మకాయ, కాఫీ, తలమీద చన్నీళ్లు, వాంతి, ఇవేవీ రక్తంలోకి చేరిన మందును దించవు. కాఫీ తాగితే నిద్రమత్తు వదిలినట్టుంటుంది, అంతే.

రాత్రి పదకొండుకు క్వార్టర్ ముగించిన మనిషిని తీసుకోండి. పొద్దున ఆరింటికి అతని రక్తంలో ఇంకా నలభై దాకా ఉండొచ్చు. అంటే గీత దాటే ఉన్నాడు. ఆ సమయానికి అతను తలస్నానం చేసి, కొత్త చొక్కా వేసుకుని, భార్యాపిల్లల్ని కారెక్కించుకుని జొన్నవాడకో పెంచలకోనకో బయల్దేరి ఉంటాడు. కొత్త సంవత్సరం మొదటి రోజు పొద్దున చాలా ఇళ్లలో జరిగేది ఇదే. రాత్రి తాగినవాడు మర్నాడు మధ్యాహ్నం దాకా స్టీరింగ్ పట్టుకోకూడదు. గుడికి ఇంకొకరు నడపాలి, లేదా బస్సులో పోవాలి.

ఇంకో సంగతి. మందు అన్నిటికన్నా ముందు మన అంచనాను చెడగొడుతుంది. కాళ్లు తడబడడానికి చాలా ముందే "నేను బానే ఉన్నా" అనే ధైర్యం వస్తుంది. ఎదురుగా వచ్చే హెడ్‌లైట్ వెలుగుకు కళ్లు చెదిరితే మళ్లీ సర్దుకోవడానికి మామూలుకన్నా ఎక్కువసేపు పడుతుంది. కాబట్టి తాగినవాణ్ణి "నడపగలవా?" అని అడగడం దండగ. నడపగలనూ అనే చెబుతాడు.

ఇంటివాళ్ల పని

గ్లాసులు బయటికి తీయకముందే తాళాలు తీసుకోండి. తాగాక అడిగితే గొడవవుతుంది, తాగకముందు అడిగితే ఎవరికీ బాధ ఉండదు. "బండ్లు అడ్డమొస్తాయి, సర్దిపెట్టాలి, తాళాలు ఇట్టా ఇవ్వండి" అంటే చాలు. తీసుకునేవాళ్లు తాగనివాళ్లై ఉండాలి, వాళ్ల మాటకు ఇంట్లో విలువ ఉండాలి.

మన ఇళ్లలో అసలు చిక్కు అల్లుడు. అల్లుడికి అడ్డు చెప్పడం మనకు రాదు. మామగారు మొహమాటపడతాడు, అత్తగారు తలుపు చాటున నిలబడి భయపడుతుంది, బావమరిది దారి ఇస్తాడు, నాలాగా. భార్య "వద్దు" అంటే నలుగురిలో పరువు తీసిందని అతనికి కోపం. అందుకని ఆ పని కూతురి మీద వదిలేయకండి. ఎవరు చెబితే అతను వింటాడో ముందే చూసుకోండి. అతని తల్లికి ఫోన్ కలిపి ఇవ్వాల్సొచ్చినా ఇవ్వండి.

పడుకోవడానికి చోటు చూపించండి. తాగినవాళ్లలో చాలామంది బయల్దేరేది ఆ ఇంట్లో చోటు లేదనే. నాలుగు చాపలు, నాలుగు దుప్పట్లు అదనంగా తీసి, అందరికీ కనపడేలా పెట్టండి. "ఇప్పుడెందుకులే, రాత్రి వండిన చేపల పులుసు పొద్దునకే రుచి, దోసెల్లోకి వేసుకుని తిని పోదువు" అంటే ఉండిపోయేవాళ్లు నాకు తెలిసి చాలామంది ఉన్నారు.

వెళ్లాల్సిందేనన్నవాళ్లకు బండి ముందే మాట్లాడి ఉంచాలి. పండగ రాత్రి పదింటికి ఆటో వెతికితే దొరకదు. మీ ఊళ్లో తాగని ఆటో అబ్బాయి ఎవరో చూసుకుని, పగలే చెప్పి, పండగ కాబట్టి రెండు వందలు ఎక్కువిచ్చి, మీ ఇంట్లోనే అన్నం పెట్టండి. కిరాయి కారులో వస్తే ఆ డ్రైవర్‌ను "నువ్వూ ఒకటి వేసుకోవయ్యా" అనకండి. మర్యాదకే అంటారని తెలుసు. కానీ అతని చేతుల్లో మీ పిల్లలు ఉంటారు. ట్రాక్టర్లు, ఎడ్ల పందేలకు గిత్తలను తెచ్చే లారీలు, పెళ్లివాళ్ల బస్సులు, అన్నిటికీ ఇదే.

అయినా ఒకడు తాళం లాక్కుని బయల్దేరితే? వాదన పెట్టుకోకండి. "తాగున్నావు" అన్న మాట వాడితే పట్టుదల పెరుగుతుంది. ఆలస్యం చేయండి: పెద్దమ్మ పిలుస్తోందనండి, కిళ్లీ తెస్తున్నామనండి, టైరులో గాలి తీసేసి పంక్చరైందనండి. ఈ అబద్ధానికి పాపం రాదు. ఏదీ కుదరకపోతే వెనక ఎవరినీ ఎక్కనివ్వకండి. ఆ ఒక్క పని నేను చేసి ఉంటే మా పిల్లాడు ఈపాటికి ఉద్యోగంలో ఉండేవాడు.

మన రోడ్ల గురించి

పాత అయిదో నంబరు హైవే, ఇప్పటి 16. నెల్లూరు, కావలి, సింగరాయకొండ, టంగుటూరు, ఒంగోలు, అన్నీ దాని మీదే. ఊరికీ ఊరికీ మధ్య పొలం నుంచి వచ్చే ట్రాక్టర్లు, చుట్టు తిరగలేక రాంగ్ సైడులో వచ్చే బైకులు, రోడ్డు అంచున ఆపుకుని నిద్రపోయే లారీలు. జనవరిలో తెల్లవారుజామున మంచు. తాగనివాడికే ఇది కష్టం.

పోలీసులు ఊదిస్తున్నారని తెలిసి పక్కదారి పట్టడం ఇంకో ప్రమాదం. కోవూరు, విడవలూరు వైపు కాలవగట్ల మీద రాత్రిపూట పోయినవాళ్లకు తెలుసు: దీపం ఉండదు, అడ్డుగోడ ఉండదు, మలుపులో కాలవ. ప్రకాశం వైపు లోపలి రోడ్లలో కర్ర లోడు ట్రాక్టర్లు. మైపాడు, కొత్తపట్నం బీచీలకు కనుమ, ముక్కనుమల్లో బైకుల మీద పోయే కుర్రాళ్లను తిరుగు ప్రయాణంలో చూడండి, ఎంతమందికి హెల్మెట్ ఉందో.

దొరికితే ఏమవుతుంది

మోటారు వాహనాల చట్టం సెక్షన్ 185. మొదటిసారి ఆరు నెలల దాకా జైలు, లేదా పది వేల జరిమానా, లేదా రెండూ. రెండోసారి రెండేళ్ల దాకా జైలు, లేదా పదిహేను వేల జరిమానా, లేదా రెండూ. 2019 సవరణతో జరిమానాలు ఇంతకు పెరిగాయి. నడిపితేనే కాదు, నడపబోయినా నేరమే. బైకుకూ ట్రాక్టర్‌కూ తేడా లేదు. ఊదనని మొండికేస్తే లాభం లేదు, ఆ నిరాకరణే కోర్టులో మనకు ఎదురు తిరుగుతుంది. లైసెన్సు సస్పెండ్ కావచ్చు, డ్రైవింగే బతుకుదెరువైనవాడికి అది జరిమానా కన్నా పెద్ద దెబ్బ.

చాలామందికి తెలియనిది సెక్షన్ 188. తాగి నడపడానికి ప్రోత్సహించినవాళ్లకూ అదే శిక్ష. అలాగే మైనరు పిల్లాడికి "మీ నాన్న తాగాడు, నువ్వు తోలు" అని తాళం ఇవ్వకండి. పద్దెనిమిది నిండనివాడు నేరం చేస్తే తల్లిదండ్రులకో బండి యజమానికో మూడేళ్ల దాకా జైలు, పాతిక వేల జరిమానా, బండి రిజిస్ట్రేషన్ ఏడాది పాటు రద్దు.

తాగి నడిపి బండి పాడైతే ఇన్సూరెన్సు కంపెనీ సొంత బండి నష్టం ఇవ్వనక్కర్లేదు. ఊదిన రిపోర్టు లేకపోయినా తాగాడని ఇతర ఆధారాలతో కంపెనీ చూపొచ్చని 2021లో సుప్రీంకోర్టు చెప్పింది. ప్రాణం పోతే భారతీయ న్యాయ సంహిత 106 కింద అయిదేళ్ల దాకా జైలు పడొచ్చు. ప్రాణం పోవచ్చని తెలిసీ చేశాడని కోర్టు నమ్మితే సెక్షన్ 105 కింద పదేళ్ల దాకా. 2006లో ముంబైలో ఫుట్‌పాత్ మీద నిద్రపోతున్న కూలీల మీదికి కారు ఎక్కించి ఏడుగురి చావుకు కారణమైన కేసులో సుప్రీంకోర్టు 2012లో మామూలు నిర్లక్ష్యంగా కాకుండా ఆ పెద్ద నేరంగానే తీసుకుంది. అయినా ఖాయమైన శిక్ష మూడేళ్లే.

శిక్షలు ఇంకా పెంచాలని చాలామంది అంటారు. నేనూ ఒకప్పుడు అన్నాను. ఇప్పుడు నా అభిప్రాయం వేరు. పది వేలు రోజుకూలీకి నెల బతుకు, పెద్ద కారున్నవాడికి ఒక రాత్రి విందు ఖర్చు, నిజమే. కానీ అంతకన్నా నన్ను బాధపెట్టేది మన రెండు నాలుకలు. ముక్కూమొహం తెలియనివాడు గుద్దితే "ఉరి తీయాలి" అంటాం. మన బావమరిది దొరికితే "మనవాడే సార్, పండగ కదా, వదిలేయండి" అని తెలిసిన నాయకుడితో ఫోన్ చేయిస్తాం. వదిలించుకొచ్చాక బండి తాళం మళ్లీ వాడికే ఇస్తాం. ఈ పండక్కి మీకు అలాంటి ఫోన్ వస్తే, దయచేసి చేయకండి. వెళ్లండి, బండిని తాగనివాడి చేత తెప్పించండి, మనిషిని ఇంటికి తెచ్చి పడుకోబెట్టండి, కోర్టుకు మాత్రం అతన్నే పోనివ్వండి.

మద్యం సంగతి ఇంటి గుట్టు కాదని దేశానికి చెప్పింది మన నెల్లూరు జిల్లా ఆడవాళ్లే. 1990ల మొదట్లో కలిగిరి మండలం దూబగుంటలో రోసమ్మ, ఆమెతో నడిచిన ఆడవాళ్లు రాత్రి బడిలో అక్షరాలు నేర్చుకుంటూ సారా కొట్టు మూయించారు. ఆ నిప్పు రాష్ట్రమంతా పాకి 1993 అక్టోబరులో సారా నిషేధం వచ్చింది, 1995లో మద్యనిషేధం. 1997లో దాన్ని ఎత్తేశారు. ఇప్పుడు క్వార్టర్ 99 రూపాయలకూ దొరుకుతోంది. వాళ్లు కొట్టు ముందు నిలబడ్డారు. మనల్ని మన గేటు ముందు నిలబడమంటున్నాను.

జరగరానిది జరిగితే

108కి చేయండి, పోలీసుకు 112, హైవే మీదైతే 1033. గాయపడినవాణ్ణి చేర్చినవాళ్లను పేరు చెప్పమని గానీ, డబ్బు కట్టమని గానీ బలవంతపెట్టకూడదు, చట్టంలో రక్షణ ఉంది. 2025 నుంచి రోడ్డు ప్రమాద బాధితుడికి ఏడు రోజుల దాకా, లక్షా యాభై వేల వరకు నగదు లేకుండా వైద్యం చేసే కేంద్ర పథకం ఉంది, ఆసుపత్రిలో అడగండి. నడిపినవాడు తాగున్నాడని డాక్టరుకు దాచకండి. మత్తులో ఉంటే తల దెబ్బ లక్షణాలు బయటికి కనపడకపోవచ్చు.

మా ఇంట్లో ఇప్పుడు భోగి మంట ఆరకముందే తాళాలన్నీ మా అమ్మ దగ్గరికి పోతాయి. ఆమె వాటిని బియ్యం డబ్బాలో అడుగున పెడుతుంది. మా బావ అందరికన్నా ముందు తెచ్చి ఇస్తాడు.