సరుకులకు బయల్దేరే ముందు

ముందు ఫ్రిజ్ తెరిచి చూడండి, ఆ తర్వాతే చీటీ రాయండి. ఆకలి మీద మాత్రం వెళ్లొద్దు, అక్కర్లేనివన్నీ సంచిలో పడతాయి.

- పాలు, మాంసం, చేపలు చివర్లో తీసుకోండి. పచ్చిమాంసానికి వేరే సంచి. ఇవి బయట 2 గంటలకు మించి ఉండకూడదు. ఎండ 32 డిగ్రీలు దాటితే గంటే గడువు. ఫ్రిజ్ లోపల 4 డిగ్రీలు మించకూడదు. తలుపు అరలో చల్లదనం నిలవదు కాబట్టి పాలు లోపలే పెట్టండి.
- ఉబ్బిన డబ్బా ఎంత చవగ్గా ఇచ్చినా వద్దు.
- కోడిమాంసాన్ని కుళాయి కింద కడిగితే క్రిములు సింకంతా చిందుతాయి. కడగకుండా బాగా ఉడికించడమే మేలు. చాలామందికి ఈ మాట మింగుడుపడదు, తెలుసు.
- మాంసం కోసిన పలకను సబ్బుతో కడక్కుండా దానిమీద కూరగాయలు తరగొద్దు.
- కావలసినవన్నీ తరిగి పెట్టుకున్నాకే పొయ్యి వెలిగించండి.