గ్రౌండింగ్ పాఠాలు – 4: రాడ్‌కి వెళ్లే వైరు ఎంత లావుండాలి?

పోయిన పాఠంలో న్యూట్రల్‌ని, గ్రౌండ్‌ని మెయిన్ ప్యానెల్‌లో ఒక్కచోటే ఎందుకు కలపాలో చూశాం. ఈసారి సైజులు, అమెరికాలో ఇళ్లకు నేషనల్ ఎలక్ట్రికల్ కోడ్ ప్రకారం. గేజ్ నంబరు తగ్గేకొద్దీ వైరు లావవుతుందని గుర్తుంది కదా, అంటే 6 కంటే 4 లావు.

మనం "గ్రౌండ్ వైరు" అని ఒకే పేరుతో పిలిచేవి నిజానికి రెండు, కొత్తగా నేర్చుకునేవాళ్లు తడబడేది ఇక్కడే. ఒకటి ప్యానెల్ నుంచి భూమిలోకి, అంటే నేలలో దిగగొట్టిన రాడ్‌కో నీళ్ల పైపుకో పునాదిలోని ఇనుప చువ్వకో వెళ్తుంది. రెండోది ప్రతి సర్క్యూట్‌తో పాటు అవుట్‌లెట్ దాకా వెళ్తుంది. రెండోదానికి 250.122 టేబుల్, అది బ్రేకర్ ఆంపియర్లను బట్టి ఉంటుంది: 15కి 14 గేజ్ కాపర్, 20కి 12, 60 దాకా 10. మొదటిదానికి 250.66 టేబుల్. అందులో బ్రేకర్ ఊసే ఉండదు, ఇంటికి వచ్చే సర్వీస్ వైరు ఎంత లావో చూడాలి, అంతే.

200 ఆంపియర్ల ఇల్లు తీసుకోండి. మామూలుగా సర్వీస్ వైరు 2/0 కాపర్ గానీ 4/0 అల్యూమినియం గానీ ఉంటుంది (ఇలా /0 ఉన్న సైజులు 1 గేజ్ కంటే లావు, ముందున్న అంకె పెరిగేకొద్దీ ఇంకా లావు). రెండింటికీ 250.66 చెప్పేది 4 గేజ్ కాపరే. పొరపాటున 250.122లో 200 దగ్గర చూశారంటే 6 కనిపిస్తుంది, నీళ్ల పైపుకి ఆ 6 వేస్తే ఇన్‌స్పెక్షన్‌లో ఫెయిలే.

మరి రాడ్‌కి చాలాచోట్ల 6 గేజే కనిపిస్తుంది కదా అంటారా? అది తప్పు కాదు. రాడ్‌కి మాత్రమే వెళ్లే వైరు, సర్వీస్ ఎంత పెద్దదైనా, 6 గేజ్ కాపర్ కంటే లావు అక్కర్లేదని కోడే అంటుంది. ఎందుకో లెక్క వేసి చూడండి. రాడ్‌కీ మట్టికీ మధ్య 25 ఓమ్‌లు ఉన్నాయనుకుందాం, 120 వోల్టులు తగిలితే పారేది 4.8 ఆంపియర్లు. వైరు ఎంత లావు చేసినా ఆ మట్టి దాన్ని మించి వెళ్లనివ్వదు. ఇంకో సంగతి, 4.8 ఆంపియర్లకు 15 ఆంపియర్ల బ్రేకర్ కూడా ట్రిప్ అవదు! రాడ్ ఉంది కాబట్టి షాక్ కొట్టదనే నమ్మకం చాలా ప్రమాదం, దయచేసి ఎవరికీ అలా చెప్పకండి. రాడ్ పని పిడుగు, సర్జ్‌ల సంగతి చూడటం. బ్రేకర్‌ని ట్రిప్ చేసేది ఆ రెండో వైరు, న్యూట్రల్‌తో కలిసిన దారి.

ఒక మెలిక ఉంది. అదే వైరు రాడ్ దగ్గర ఆగకుండా నీళ్ల పైపు దాకా వెళ్తే ఈ వెసులుబాటు పోతుంది, ఈ 200 ఆంపియర్ల ఇంట్లో మొత్తం 4 గేజ్ వేయాల్సిందే. పునాది చువ్వకి మాత్రమే వెళ్లే వైరుకి 4 గేజ్ కాపర్ మించి అవసరం లేదు.

100 ఆంపియర్ల ఇంటికి, సర్వీస్ వైరు 4 గేజ్ కాపర్ అయితే, టేబుల్ ప్రకారం 8 గేజ్ చాలు. కానీ 8ని పైపులో వేసి కాపాడాలి, అది స్టీలు పైపైతే రెండు చివర్లా ఆ పైపుని కూడా వైరుకి బాండ్ చేయాలి, అంటే కరెంటు పారేలా గట్టిగా కలపాలి. దెబ్బ తగలని చోట 6 గేజ్‌ని గోడకి నేరుగా బిగించుకోవచ్చు. నేనైతే 8 జోలికే వెళ్లను.

వైరు మధ్యలో మామూలు అతుకులు పనికిరావు, అందుకే కోసే ముందు రెండుసార్లు కొలవండి. రాడ్లు 8 అడుగులవి, ఒక్కటే 25 ఓమ్‌ల లోపు ఉందని టెస్ట్ చేసి చూపించలేకపోతే రెండు, మధ్య కనీసం 6 అడుగుల దూరం.

మెయిన్ బ్రేకర్ ఆపినా సర్వీస్ వైర్లలో కరెంటు ఉంటుంది. పాత ఇంట్లో నీళ్ల పైపు దగ్గర గ్రౌండ్ వైరుని చేత్తో విప్పకండి, ఎక్కడైనా న్యూట్రల్ తెగి ఉంటే కరెంటు తిరిగి వెళ్లేది దాని మీదుగానే. పవర్ కంపెనీ సర్వీస్ కట్ చేశాకే పని మొదలుపెట్టండి.

ఇక మీ వంతు. 150 ఆంపియర్ల సర్వీస్, 1 గేజ్ కాపర్ వైరు, భూమిలో 10 అడుగులకు పైగా ఉన్న రాగి నీళ్ల పైపు, రెండు రాడ్లు. దేనికి ఏ సైజు, ఏ టేబుల్ లేదా ఏ నియమం వల్ల అనేది కాగితం మీద రాయండి. జవాబుతోనే అయిదో పాఠం మొదలుపెడతాను, తర్వాత సబ్ ప్యానెల్.