టిన్ విజిల్ కోసం మంచి రికార్డింగులు, ట్యూన్ పుస్తకాలు ఎలా ఎంచుకోవాలి?

ఐరిష్ టిన్ విజిల్ (ఆరు రంధ్రాల చిన్న లోహపు పిల్లనగ్రోవి) కొన్న చాలామంది ముందుగా చేసే పని, ఏ రంధ్రం మీద ఏ వేలు పెట్టాలో బొమ్మలు వేసిన పుస్తకం తెచ్చుకోవడం. ఆర్నెల్లకు పాతిక ట్యూన్లు వచ్చేస్తాయి, కానీ ఒక్కటీ ఐరిష్ సంగీతంలా వినిపించదు. వినకుండా చదివితే అలాగే అవుతుంది. ముందు రికార్డింగ్, తర్వాతే పుస్తకం.

కావలసినవి కొంచెమే. డి శ్రుతి విజిల్, హెడ్‌ఫోన్లు, పాట వేగాన్నీ శ్రుతినీ విడివిడిగా మార్చగలిగే యాప్, ఒక పెన్సిల్. విజిల్ ఏ బ్రాండైనా పర్వాలేదు. సి శ్రుతిది మాత్రం వద్దు.

రికార్డింగులతో మొదలుపెట్టండి. విజిల్ ఒక్కటే, లేదా విజిల్‌తో పాటు ఒకటి రెండు వాద్యాలు మాత్రమే ఉన్నవి తీసుకోండి. మొదటి గురువుగా ఐర్లండ్‌లోని క్లేర్ కౌంటీ డూలిన్ ప్రాంతానికి చెందిన మికో రసెల్ (1915–1994) వాదనాన్ని పెట్టుకోండి. హడావుడి లేకుండా, స్వరాల మధ్య చోటు వదులుతూ వాయిస్తాడు కాబట్టి ప్రతిదీ చెవికి అందుతుంది. మేరీ బెర్గిన్ 1979లో తెచ్చిన ‘ఫడోగా స్టాన్’ ఆల్బమ్ తప్పకుండా వినాలి. ఆ పేరుకు ఐరిష్ భాషలో టిన్ విజిళ్లు అనే అర్థం. అయితే మొదటి ఏడాది ఆమెను అనుకరించకండి, ఆ వేగం వెంట పడితే వేళ్లు బిగుసుకుపోతాయి. రిలాక్సేషన్ కోసమని సింథసైజర్ కలిపి అమ్మే ‘కెల్టిక్’ ఆల్బమ్‌ల జోలికి వెళ్లకండి.

పుస్తకాల్లో ఇద్దరి సంకలనాలు చాలు. షికాగోలో పోలీసు అధిపతిగా పనిచేసిన ఫ్రాన్సిస్ ఓ'నీల్ 1903లో 1,850 ట్యూన్లతో ఒక సంకలనం, 1907లో 1,001 నృత్య ట్యూన్లతో మరొకటి అచ్చువేశాడు. కాపీరైట్ తీరిపోయింది కాబట్టి ఉచితంగా దొరుకుతాయి. డబ్బు పెట్టి కొనేదైతే బ్రెండాన్ బ్రెహ్నాక్ సంకలనం కొనండి, దాని మొదటి భాగం 1963లో వచ్చింది. డబ్లిన్‌లో 1987లో ఏర్పడిన ఐరిష్ ట్రెడిషనల్ మ్యూజిక్ ఆర్కైవ్ కూడా పాత రికార్డింగుల్ని, పుస్తకాల్ని ఆన్‌లైన్‌లో ఉంచుతోంది.

అసలు కష్టం ఇక్కడే. రికార్డింగునూ పుస్తకంలోని ట్యూన్‌నూ జతచేయాలి. ఈ మెట్టు దగ్గర తొందరపడినవాళ్లే ఎక్కువ చెడగొట్టుకుంటారు.

పేరును నమ్మకండి. ఒకే ట్యూన్‌కు నాలుగు పేర్లుంటాయి, ఒకే పేరుతో రెండు మూడు వేరు ట్యూన్లు కూడా ఉంటాయి. అందరూ వాయించే ‘కెష్ జిగ్’ (జిగ్ ఒక రకం నృత్య ట్యూన్)కు ‘కింకోరా జిగ్’ అనే పేరు కూడా ఉంది. ట్యూన్‌లోని రెండు భాగాల మొదటి వరుసలూ చెవికి సరిపోయాకే అదే ట్యూన్ అనుకోండి.

తర్వాత శ్రుతి చూడండి. వాయించినవాళ్లు డి కన్నా అర మెట్టు పైన ఉండే ఇ-ఫ్లాట్ విజిల్ పట్టి ఉండవచ్చు, పాత గ్రామఫోన్ రికార్డు వేగం తేడాగా తిరిగి ఉండవచ్చు. మీ విజిల్ పాడైందని కంగారుపడి కొత్తది కొనకండి. యాప్‌లో శ్రుతిని అర మెట్టు దించి చూడండి.

పుస్తకంలో వరుస మొదట్లో రెండు షార్ప్‌లు (స్వరాన్ని అర మెట్టు పెంచే గుర్తులు) కనిపించగానే డి ఆధార స్వరమని అనుకోవడం ఇంకో పొరపాటు. ట్యూన్ ఏ స్వరం దగ్గర విశ్రాంతి తీసుకుంటుందో వినండి. మన సంగీతం తెలిసినవాళ్లకు ఇది సులువు. అవే రెండు షార్ప్‌లతో డి ఆధారమైతే శంకరాభరణం మెట్లు, ఇ ఆధారమైతే ఖరహరప్రియ మెట్లు, ఎ ఆధారమైతే హరికాంభోజి మెట్లు వస్తాయి. రాగభావం వెతక్కండి, మెట్లు మాత్రమే పోల్చుకోండి.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి. అచ్చులో ఉన్నది ఎముకల గూడు. స్వరపుస్తకం ముందు పెట్టుకుని గురువు లేకుండా కీర్తన పాడితే గమకాలు ఎలా పోతాయో, ఇక్కడ కట్ (వేలిని క్షణం ఎత్తడం), ట్యాప్ (వేలితో రంధ్రాన్ని క్షణం కొట్టడం), రోల్ (ఆ రెండూ కలిపి చేసేది) అనే వేళ్ల పనులు అలాగే పోతాయి. రీల్ అనే వేగమైన నృత్య ట్యూన్‌లో స్వరాలన్నీ సమానంగా అచ్చువేస్తారు, కానీ వాయించేటప్పుడు అవి సమానంగా ఉండవు. ఊపిరి ఎక్కడ తీయాలో కూడా చాలా పుస్తకాలు చెప్పవు. విజిల్ వాయించేవాళ్లు ఊపిరి కోసం ఏదో ఒక స్వరాన్ని వదిలేయాల్సిందే. రసెల్ ఏ స్వరం వదిలాడో విని, అక్కడ పెన్సిల్‌తో గుర్తు పెట్టండి. నేను నేర్చుకున్న ప్రతి ట్యూన్ కాగితం మీదా ఈ గుర్తులే ఉంటాయి.

ఫిడిల్ కోసం రాసిన ట్యూన్లలో కింది డి కన్నా దిగువ స్వరాలు వస్తాయి. అవి విజిల్‌లో లేవు. అలాంటి చోట ఆ ముక్కను పై స్థాయిలో వాయిస్తారు, లేదంటే ఇంకో స్వరంతో సరిపెడతారు. సొంతంగా ఊహించకుండా రికార్డింగులో ఏం చేశారో వినండి. కంప్యూటర్ నొటేషన్‌ను చదివి వాయించేది మాత్రం రికార్డింగ్ కింద లెక్క కాదు.

జత కుదిరాక వారం రోజులు విజిల్ ముట్టుకోకుండా వినండి. నోటితో ట్యూన్ అనగలిగాక, వేగం డెబ్బై శాతానికి తగ్గించి రికార్డింగుతో కలిపి వాయించండి. వాయించడం మొదలుపెట్టిన నాలుగో రోజు పుస్తకం మూసేయండి. ఎక్కడైనా మరిచిపోతే రికార్డింగులో ఆ ముక్కను మళ్లీ వినండి.